తిరగబెట్టింది కాదు

ఫిబ్రవరి 4

ఇవాళ చాలా మంచి రోజు. పైకి అనలేను కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

బస్సు డ్రైవర్ కఫం వేసిన సీసాలో క్షయ క్రిములు మొలిచాయి.

ప్రయోగం నడిపే మా ఆడపడుచు మందుతో పూర్తిగా నయమైపోయిన మనిషి అతను. వచ్చిన ప్రతి అతిథికీ ఆవిడ చూపించే మనిషి. ఆరు నెలలు వాడాల్సిన మందుల్ని మార్చి నాలుగు నెలలకే కుదించవచ్చని మా సంస్థలో ఇంత ఆర్భాటంగా నడుస్తున్న ప్రయోగానికి అతని ఫొటోయే ముఖచిత్రం. ఆ డ్రైవర్ మళ్ళీ దగ్గుతూ వచ్చాడు. సీసాని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను. లేత పసుపురంగులో, గరుకుగా, రొట్టె పొడి చల్లినట్టు ఉంది. ఈ ఉద్యోగంలో అవి ఎన్ని చూశానో లెక్కలేదు. ఎప్పుడూ అందంగా అనిపించలేదు.

నాకు ఎవరిమీదా కక్ష లేదు. మందు పనిచేయకపోతే ఆ సంగతి లోకానికి తెలియాలి. అంతే.

వస్తూ వస్తూ పాపకి కేకు కొన్నాను. "ఏంటమ్మా ఇవాళ స్పెషల్?" అంది. ఏమీ లేదన్నాను.

ఫిబ్రవరి 5

ఆడపడుచే పై అధికారి కావడం ఎంత భాగ్యమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. ఇంట్లో మేడమీద ఉంటుంది. ఆఫీసులోనూ మేడమీదే ఉంటుంది. రెండు చోట్లా నేను మెట్లెక్కి వెళ్ళాలి.

"వదినా, డ్రైవర్ రిపోర్టు..." అన్నాను.

"ఇక్కడ వదినేంటమ్మా? మేడమ్ అను."

"మేడమ్. డ్రైవర్‌కి తిరగబెట్టింది. క్రిములు మొలిచాయి."

ఆవిడ దగ్గింది. ముఖ్యమైన మాట చెప్పే ముందు ఆ పొడిదగ్గు ఒకటి ఉంటుంది ఆవిడకి, రాణిగారు వచ్చే ముందు బాకా ఊదినట్టు. ఏడాదై వింటున్నాను.

"తిరగబెట్టలేదు," అంది. "మాత్రలు మింగి ఉండడు. లేదా బయట ఎవరి దగ్గరో మళ్ళీ అంటించుకున్నాడు. నా మందు తప్పు కాదు."

"రిపోర్టు వచ్చింది మేడమ్, తప్పెవరిదో అందులో రాయలేదు."

"నీకు ముఖం వెలిగిపోతోందేంటి?"

నా ముఖం ఏమీ వెలగలేదు. ట్యూబ్‌లైటు కింద నిలబడ్డాను.

ఫిబ్రవరి 11

బుధవారం. మాత్రల హాల్లో పెద్ద రభస.

ఆ హాలు ఒకప్పుడు నా ల్యాబ్. క్షయని గంటల్లో పట్టేసే పరీక్ష ఒకటి తయారుచేస్తుండేదాన్ని. ఆవిడ ఆ పని ఆపించి, బల్లలు తీయించి, కుర్చీలు వేయించింది. ఇప్పుడు అక్కడ పేషెంట్లు కూర్చుని మాత్రలు మింగుతారు. బుధవారాలు నయమైనవాళ్ళు కూడా వస్తారు, కొత్తవాళ్ళకి ధైర్యం చెప్పడానికి. వాళ్ళకి 'పాతకాపులు' అని ఆవిడే పేరు పెట్టింది. మధ్యలో ఆవిడ కుర్చీ. మాస్కు గడ్డం కిందకి లాగేసి కూర్చుంటుంది. "నా ముఖం కనబడకపోతే వీళ్ళు మాత్ర మింగరు" అంటుంది. ఎంత నమ్మకమో ఆ ముఖం మీద!

డ్రైవర్‌ని అందరి ముందూ నిలబెట్టింది.

"నాలిక కింద పెట్టుకుని, బయటికెళ్ళి ఉమ్మేశావు కదూ?"

"లేదు డాక్టరమ్మా. మీరే ఇచ్చారు, మీ ముందే మింగాను. నోరు తెరిచి చూపించాను కూడా."

"దొంగలందరూ నోరు బాగానే తెరుస్తారు."

వెనక ఎవరో నవ్వారు. డ్రైవర్ టోపీ తీసి చేతిలో పట్టుకుని, దాని అంచు తిప్పుతూ నిలబడ్డాడు. పెద్ద మనిషి. నా తండ్రి వయసు ఉండకపోవచ్చు గానీ అన్నయ్య వయసు ఉంటుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, పడనివ్వలేదు.

నేను గుమ్మంలో ఉన్నాను. మధ్యలో కలగజేసుకోవలసిన పని నాది కాదు.

మార్చి 2

రెండో పాతకాపు కఫంలోనూ క్రిములు. దర్జీ. నెమ్మదస్తురాలు, పాప స్కూలు యూనిఫాం కుట్టింది ఆమే.

మార్చి 19

ఇంకో ఇద్దరు. మొత్తం నలుగురు. నలుగురూ నయమైనవాళ్ళే.

డైరెక్టర్ ఆవిడనీ నన్నూ పిలిచాడు. వచ్చే ఏడాది రిటైరయ్యే మనిషి, ఆయనకి ఏ గొడవా వద్దు. "ప్రయోగం ఆపాలా, సాగించాలా, అది చెప్పండి చాలు," అన్నాడు.

తేల్చే దారి ఒకటుంది. ప్రతి పేషెంటు మొదటిసారి వచ్చినప్పుడు తీసిన క్రిములు మా ఫ్రీజర్లో గడ్డకట్టి ఉన్నాయి. ఇప్పుడు మొలిచినవాటి వంశాన్ని వాటి వంశంతో పోల్చాలి. రెండూ ఒకటే అయితే పాత జబ్బు చావలేదు, లోపల దాక్కుని తిరగబెట్టింది, మందు ఓడిపోయినట్టు. వేరువేరు అయితే పాతది చచ్చింది, కొత్తది బయటి నుంచి వచ్చింది, మందు గెలిచినట్టు.

"చేసేది ఈ అమ్మాయేనా?" అంది ఆవిడ, నేను గదిలో లేనట్టు.

"ఇక్కడ ఆ పని వచ్చినది తనొక్కతే కదండీ," అన్నాడు డైరెక్టర్.

దగ్గింది. "చెయ్యనివ్వండి. వేరువేరని తనే చెప్తుంది."

ఒకటే అని చెప్తాను. నాకు తెలుసు. సీసా చూడగానే తెలిసిపోయింది.

మార్చి 23

పాప సాయంత్రం స్కూలు నుంచి వచ్చి బ్యాగు నా కాళ్ళ దగ్గర పడేసి మేడమీదికి పరిగెత్తింది. రోజూ ఇంతే. లెక్కలు అక్కడే, కబుర్లు అక్కడే, ఒక్కోసారి నిద్ర కూడా అక్కడే.

"నేను చెప్పనా లెక్కలు?" అన్నాను.

"అత్త చెప్తే అర్థమవుతుందమ్మా. నువ్వు చెప్తే ఏడుపొస్తుంది."

మా ఆయన పేపరు వెనకాల నవ్వాడు. ఆ పేపరు చింపేయాలనిపించింది. తల్లి పోయాక ఈ తమ్ముణ్ణి ఆవిడే పెంచిందట. పెళ్ళి మానుకుందట. నిజమే కావచ్చు. అందుకని నా కూతుర్ని కూడా పెంచాలా?

ఏప్రిల్ 7

ఎక్కడో పొరపాటు జరిగింది.

ఏప్రిల్ 8

ఏమీ రాయాలని లేదు.

ఏప్రిల్ 10

మళ్ళీ మొదటి నుంచి చేస్తున్నాను. టెక్నీషియన్ అమ్మాయి "మొన్ననే అయిపోయింది కదా మేడమ్?" అంది. అయిపోలేదన్నాను. ఒకటికి రెండుసార్లు నిర్ధారించుకోవడం శాస్త్రవేత్త బాధ్యత. రిపోర్టు ఇవ్వమని ఎవరూ నా పీక మీద కూర్చోలేదు. ఆవిడ మాత్రం కనబడినప్పుడల్లా కనుబొమలు ఎగరేస్తోంది.

ఏప్రిల్ 16

రెండోసారీ అదే వచ్చింది. వేరువేరు. నలుగురిలో ఏ ఒక్కరికీ పాత వంశంతో సంబంధం లేదు.

అంటే ఆవిడ మాటే నిజం. మందు పనిచేసింది.

మూడోసారి చేద్దామని సీసాలు తీశాను కూడా. తీసి, మళ్ళీ లోపల పెట్టేశాను. మూడోసారి చేస్తే అది నిర్ధారణ కాదు, ఏడుపు.

కానీ ఏదో ఒకటి దొరకాలి. ఏదో ఒక లొసుగు. అలా వెతుకుతూ కొత్త నాలుగింటినీ పక్కపక్కన పెట్టాను. పాతవాటితో పోల్చడమే గానీ, వాటిలో వాటిని పోల్చి చూడాలని అప్పటిదాకా తోచలేదు.

నాలుగూ ఒకటే.

డ్రైవర్, దర్జీ, ఆ ఇద్దరూ. ఒకే వంశం. నలుగురికీ ఒకేచోటి నుంచి అంటింది. లేదా...

లేదా నా ల్యాబ్‌లో ఒక సీసాలోది ఇంకో సీసాలో పడింది.

ల్యాబ్ రిజిస్టరు తీసి ఏ సీసా ఎప్పుడు తెరిచానో చూసుకుంటూ కూర్చున్నాను.

ఏప్రిల్ 17

డైరెక్టర్ గదిలో అంతా చెప్పాను. దాచలేదు. ఇది నాకు నేను గుర్తుచేసుకోవాలి, దాచలేదు.

ఆవిడ ముందు వెనక్కి వాలి కూర్చుంది. గెలిచాను కదా అన్నట్టు. తర్వాత ఆ నాలుగూ ఒకటేనన్న మాట విని ముందుకి వంగింది.

"నీ దగ్గర కలిసిపోయాయి. అంతే కదా? ఒక పిపెట్, ఒక మూత, ఒక నిర్లక్ష్యం. నా మందు మంచిదే. నీ చేతులే మంచివి కావు."

"నా ల్యాబ్‌లో ఇన్నేళ్ళలో ఒక్కసారి..."

"ఇన్నేళ్ళు నీ మనసు పనిమీద ఉంది. ఇప్పుడు నామీద ఉంది."

డైరెక్టర్ అద్దాలు తుడుచుకుంటున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"కొత్తగా కఫం తీయిద్దాం," అన్నాను. "నా దగ్గరికి రావద్దు. వేరే ఊళ్ళో ల్యాబుకి పంపండి. నా చెయ్యి తగలదు. అక్కడా ఒకటే అని వస్తే?"

"వస్తే చూద్దాం."

"వస్తే క్షమాపణ చెప్తారా?"

దగ్గు ముంచుకొచ్చింది ఆవిడకి. గ్లాసు అందుకుని తాగింది.

మే 3

దర్జీ చనిపోయింది.

రెండుసార్లు జబ్బు తిన్న ఊపిరితిత్తులు. పొద్దున్న దగ్గుతూ దగ్గుతూ రక్తం పోయింది, మంచం పక్కన ఉన్నవాళ్ళు నర్సుని పిలిచేలోపే అయిపోయింది. నిన్న పాప యూనిఫాం చేతికి కుట్టు ఊడితే, "ఆమె లేస్తే ఇద్దాంలే" అనుకున్నాను.

ఎవరిది ఈ పాపం? నా చేతులవి కాదు. సీసాలు మనిషిని చంపవు. ఆమె నిజంగానే జబ్బుపడింది, నిజంగానే చనిపోయింది. కలిసిపోవడం కాదు ఇది.

ఆవిడ వార్డులో మంచం దగ్గర నిలబడి ఉండడం చూశాను. మాస్కు కిందకే ఉంది. వెనక్కి వచ్చేశాను.

మే 12

వేరే ఊరి ల్యాబ్ నుంచి జవాబు. దర్జీది ముందే తీసి పంపారు కాబట్టి నాలుగూ వచ్చాయి. నాలుగూ ఒకే వంశం. మాకు వచ్చినదే.

నా చేతులు శుభ్రం.

నా చేతులు శుభ్రం.

క్షమాపణ రాలేదు. నేను ఎదురుచూడనూ లేదు. పొద్దున్నంతా తలుపు వైపు చూసినమాట నిజమే గానీ, అది వేరే పనిమీద.

మే 13

ప్రయోగంలో చేరిన పేషెంట్లందరి క్రిములూ ఫ్రీజర్లో ఉన్నాయి కదా. అందరివీ పోల్చాను. ఈ వంశం ఒక్కరిలోనూ లేదు. అంటే వీళ్ళకి అంటించినది ఏ పేషెంటూ కాదు.

డ్రైవర్‌ని చూడ్డానికి వార్డుకి వెళ్ళాను. కిటికీ పక్క మంచం. చిక్కిపోయాడు గానీ నోరు తగ్గలేదు.

"టికెట్ లేకుండా ఎక్కిందమ్మా ఇది. ఏ స్టాపులో ఎక్కిందో కనిపెట్టారా?"

"అదే అడగడానికి వచ్చాను. మీరు నలుగురూ ఎక్కడ కలిసేవాళ్ళు?"

"ఇంకెక్కడ? బుధవారం హాల్లోనే. బయట ఒకరి ఇల్లు ఒకరికి తెలీదు."

"హాల్లో ఎక్కడ కూర్చునేవాళ్ళు?"

"ముందు వరస. డాక్టరమ్మకి అటిద్దరం, ఇటిద్దరం. మధ్యాహ్నం దాకా అక్కడే. కొత్తవాళ్ళకి మమ్మల్ని చూపించి మాట్లాడేది." దుప్పటి అంచు సర్దుకున్నాడు. "అప్పుడు మంచిదే. దొంగ అనకముందు."

"కిటికీలు తెరిచి ఉండేవా?"

"లేదమ్మా. రోడ్డు దుమ్ముకి ఆమెకి దగ్గొస్తుంది కదా. అలర్జీ అంట. పాపం ఆయాసపడుతుంటే చూడలేక మేమే వెళ్ళి మూసేసేవాళ్ళం. దర్జీ అక్క అయితే రాగానే ముందు ఆ పనే."

మెట్లు దిగుతూ మధ్యలో కూర్చుండిపోయాను. అటు వెళ్ళే నర్సు ఏమైందని అడిగింది. కళ్ళు తిరిగాయన్నాను.

ఆ దగ్గు. ఈమధ్య ఆవిడ చేతికి వదులైపోయిన గడియారం. "బరువు తగ్గాను, చూశావా?" అని మా ఆయనతో గొప్పలు. ఏడాదిగా నేను వింటూనే ఉన్నాను. విని చిరాకుపడ్డాను. క్షయ ల్యాబ్ నడిపే మనిషిని, విని చిరాకుపడ్డాను.

పాప.

మే 14

పొద్దున్నే పాపని ఆసుపత్రికి తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించాను. చేతిమీద క్షయ పరీక్ష సూది వేయించాను. ఎందుకని అడిగింది. సెలవులయ్యాక స్కూల్లో అడుగుతారన్నాను.

తర్వాత ఇంట్లో మేడమీదికి వెళ్ళాను. నేను మాస్కు పెట్టుకునే వెళ్ళాను. ఆవిడ చూసింది, అర్థంకాలేదు. మనసు ఒప్పుకోలేదేమో.

"వదినా, కఫం ఇవ్వాలి మీరు." డబ్బీ బల్లమీద పెట్టాను.

"ఏంటి?"

"సిబ్బంది అందరివీ తీసుకుంటున్నాం. హాల్లో పనిచేసే ప్రతి ఒక్కరివీ."

"ఎవరెవరిచ్చారు?"

"మీతోనే మొదలు."

చాలాసేపు నన్నే చూసింది. తర్వాత నవ్వింది. అంత అసహ్యంగా ఎవరూ నా ముఖంలోకి నవ్వలేదు.

"మందు ఓడిపోయిందని నిరూపించాలనుకున్నావు, కుదరలేదు. ఇప్పుడు నన్నే జబ్బుదాన్ని చేద్దామనా? ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ చూస్తున్నాను, నేను ఎప్పుడు కిందపడతానా అని కాచుకుని కూర్చున్నావు."

"కాచుకునే కూర్చున్నాను," అన్నాను. నోటికి అదే వచ్చింది. "నా ల్యాబ్ లాక్కున్నారు. నా మొగుడు మిమ్మల్ని అడక్కుండా చొక్కా కూడా కొనుక్కోడు. నా కూతురు నాకంటే మిమ్మల్నే ఎక్కువ అనుకుంటుంది. మీరంటే నాకు ఒళ్ళుమంట. ఇవన్నీ నిజాలే. కానీ కిటికీలు ఎవరు మూసేవాళ్ళో తెలుసా మీకు? దర్జీ."

ఆవిడ ముఖంలో రంగు మారింది.

"నాది అలర్జీ."

"అయితే ఇవ్వడానికేం?"

"బయటికి నడు."

నేను కదల్లేదు. ఆవిడ ఏదో అనబోయింది, దగ్గు అందుకుంది. ఈసారి బాకా కాదు. వంగిపోయి, బల్ల అంచు పట్టుకుని, ఆగకుండా దగ్గింది. ఆగాక, నోటికి అడ్డం పెట్టుకున్న చేతిరుమాలు విప్పి చూసుకుంది. నాకు చూపించలేదు. డబ్బీ లాక్కుని డాబామీదికి వెళ్ళింది. వచ్చి బల్లమీద ఠపీమని పెట్టింది.

"తీసుకెళ్ళు. కళ్ళారా చూసుకో."

మే 15

స్లైడు నేనే వేశాను, రంగు నేనే పోశాను, ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. నీలం మీద ఎర్రటి పుల్లల్లా క్షయ క్రిములు. గుంపులు గుంపులుగా. వెతకాల్సిన పనే లేకపోయింది.

నాకు సంతోషం కలగలేదు.

కలగలేదు. ఒక్క క్షణం ఏదో కలిగింది. అది సంతోషం కాదు.

ఆవిడని పిలిచి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను. చాలాసేపు చూసింది. స్లైడు అటూ ఇటూ జరిపి కూడా చూసింది. కళ్ళు తీయకుండానే అడిగింది:

"పాప?"

"నిన్న ఎక్స్‌రే తీయించాను. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. సూది సంగతి రేపు తెలుస్తుంది."

"నిన్ననా?" అప్పుడు నావైపు తిరిగింది. "అయితే నా దగ్గరికి రాకముందే నీకు తెలుసన్నమాట."

"అనుమానం."

"తెలుసు," అంది. మాస్కు ముక్కుపైదాకా లాక్కుంది. ఇన్నాళ్ళకి సరిగ్గా పెట్టుకోవడం చూశాను.

మే 18

సూది వేసిన చోట పాప చెయ్యి వాచింది. క్రిమి లోపలికి వెళ్ళింది. జబ్బు కాలేదు, కాకుండా మాత్రలు వాడాలి. నెలల తరబడి. పదేళ్ళ పిల్ల.

మా ఆయన నామీద ఎగిరాడు. "అక్కకి చెప్పే పద్ధతి అదా? చేతికి డబ్బీ ఇచ్చి ఉమ్మమంటావా?"

"మరి వెండి పళ్ళెంలో పెట్టి అడగనా?"

"నువ్వు సంతోషపడ్డావని అక్క అంటోంది."

వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పాను. నీళ్ళ చప్పుడులో ఏడిస్తే ఎవరికీ వినబడదు.

ఆవిడ కఫం శుభ్రమయ్యేదాకా మేడమీదికి వెళ్ళొద్దన్నందుకు పాప నాతో మాట్లాడ్డం లేదు. "అత్తని పైన బంధించేశావు" అని కాగితం మీద రాసి నా దిండుమీద పెట్టింది. అక్షరాలు మాత్రం చక్కగా ఉన్నాయి. అవీ అత్త నేర్పినవే.

మే 21

ఆవిడకి మందు మొదలు. ఏది వాడతారని డైరెక్టర్ ఫోన్లో అడిగాడు. "నాలుగు నెలలది" అంది.

"ప్రయోగం ఇంకా ముగియలేదు కదా," అన్నాను, తలుపు దగ్గర నిలబడి.

"నా మందుని నేను నమ్మకపోతే డ్రైవర్ ఎందుకు నమ్మాలి?"

రోజూ ఎవరో ఒకరు ఎదురుగా ఉండి మింగించాలి. నర్సుని పంపిస్తానన్నాను.

"వద్దు. నువ్వే ఇవ్వు. నర్సులు జాలిపడతారు. నీకు ఆ జబ్బు లేదు."

డాబామీద రెండు కుర్చీలు, మధ్యలో గాలి. ఆవిడ మింగుతుంది. నేను నోరు తెరవమంటాను. తెరుస్తుంది. నాలిక ఎత్తమంటాను. ఎత్తుతుంది. ఎత్తుతున్నంతసేపూ నా కళ్ళల్లోకి చూస్తుంది. మొదటి రోజు కదా, కొంచెం ఎక్కువసేపే ఎత్తించాను.

జూన్ 24

ఆవిడ క్రిముల వంశం వచ్చింది. అదే. నలుగురికీ వచ్చినది.

డైరెక్టర్ లోపల్లోపల సర్దేద్దామంటున్నాడు. "మందు పనిచేసిందని తేలింది, ప్రయోగం సాగుతుంది, అంతకంటే ఏం కావాలి?" రిపోర్టులో ఒక వాక్యం చాలన్నాడు. ఆ వాక్యం నేనే రాశాను: 'సిబ్బందిలో ఒకరి నుంచి సోకినట్టు గుర్తించడమైనది.' రాసి, నాకు నేనే మంచిదానిలా అనిపించాను. నా స్థానంలో ఇంకొకరుంటే ఏం చేసేవాళ్ళు? పేపర్లకెక్కించేవాళ్ళు.

మాత్రలతోపాటు ఆ కాగితమూ డాబామీదికి తీసుకెళ్ళాను. ఆవిడ చదివి కలం అడిగింది. 'సిబ్బందిలో ఒకరి' కొట్టేసి, 'ప్రయోగానికి బాధ్యత వహించిన ప్రధాన వైద్యురాలి' అని రాసింది.

"అవసరం లేదు వదినా. ఎవరూ అడగలేదు."

"నీ దయ నాకొద్దు."

"దయ కాదు..."

"దయే. ఎన్నాళ్ళ నుంచో దాచుకున్నావు, ఎప్పుడిద్దామా అని. ఇంకెవరికైనా ఇచ్చుకో."

కాగితం నా ఒళ్ళో పడేసింది. ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. మంచితనం చేద్దామన్నా ఈ మనిషి చెయ్యనివ్వదు.

జూలై 15

ఆవిడ కఫంలో క్రిములు లేవు. వరసగా తీసినవన్నీ శుభ్రం. పాపని మేడమీదికి పంపించవచ్చు. పంపించాను. పైనుంచి ఇద్దరి నవ్వులూ వినిపించాయి. రేడియో సౌండు పెంచాను.

ఆగస్టు 12

బుధవారం.

మొన్న డ్రైవర్ డిశ్చార్జి అవుతుంటే ఆవిడ వార్డుకి వెళ్ళి జరిగింది చెప్పిందట. అతను మంచంమీద బట్టలు సర్దుకుంటూనే విని, "అన్నది అందరి ముందు కదా డాక్టరమ్మా. ఇది కూడా అందరి ముందే చెప్పండి" అన్నాడట. అందుకని ఇవాళ హాల్లో.

నేను ముందుగా వెళ్ళి కిటికీలన్నీ తెరిపించాను. దుమ్ము, హారన్లు, ఎండ, అన్నీ లోపలికి వచ్చాయి. కొత్తవాళ్ళు, పాతవాళ్ళు, నర్సులు. వెనక వరసలో నల్లచొక్కా వేసుకుని ఒకాయన. దర్జీ భర్త అని తర్వాత తెలిసింది. డ్రైవర్ కూర్చోలేదు. టోపీ తలమీదే ఉంది.

ఆవిడ తన కుర్చీలో కూర్చోలేదు. కిటికీ పక్కన నిలబడింది. ముఖానికి మాస్కు.

"ఫిబ్రవరిలో ఇక్కడే ఇతన్ని దొంగ అన్నాను," అంది. "మాత్ర ఉమ్మేశాడన్నాను. ఇతను ప్రతి మాత్రా మింగాడు. మందు అతని జబ్బుని చంపింది. రెండోసారి వచ్చిన జబ్బు నాది. నేను ఏడాదిపాటు దగ్గుతూ ఇక్కడ కూర్చున్నాను. డాక్టర్ని కదా, నాకు రాదనుకున్నాను. పరీక్ష చేయించుకోలేదు. ఇతనికీ, ఇంకో ముగ్గురికీ నేనే అంటించాను. వాళ్ళల్లో ఒకామె చనిపోయింది."

బయట బస్సు ఒకటి ఆగి, వెళ్ళిపోయింది.

"దొంగ అన్నందుకు క్షమించమని అడుగుతున్నాను. మిగతాదానికి అడిగే ముఖం నాకు లేదు."

డ్రైవర్ గొంతు సవరించుకున్నాడు. క్షమించేస్తాడనుకున్నాను. అందరూ అదే అనుకున్నారు, నర్సులు అప్పుడే కళ్ళు తుడుచుకుంటున్నారు.

"సరే. విన్నాను," అన్నాడు. "నా ఉద్యోగం పోయింది. దగ్గే మనిషికి బస్సు ఇవ్వరు. మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది, నిజం చెప్పు, మాత్రలు పారేశావా అని. ఇంటికొచ్చి ఆవిడకి కూడా చెప్పండి."

"వస్తాను."

వెనక నల్లచొక్కా ఆయన లేచాడు. ఏదో అంటాడని హాలంతా తిరిగి చూసింది. ఆవిడ దాకా నడిచి వచ్చాడు. ఎదురుగా నిలబడ్డాడు. ఆవిడ తల దించలేదు, వెనక్కీ తగ్గలేదు. నేను మధ్యలోకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు, కాళ్ళు వెళ్ళాయి. ఆయన నన్ను చూశాడు, ఆవిడని చూశాడు, నేలమీద ఉమ్మి, వెళ్ళిపోయాడు.

ఆవిడ గుడ్డ తెచ్చి తుడవబోతుంటే నేను లాక్కున్నాను.

"మీరు వంగకండి, ఆయాసం వస్తుంది."

"వదులు."

"వదినా, వదలండి."

ఆఫీసులో మేడమ్ అనమని గుర్తుచేయలేదు.

ఆగస్టు 13

నిన్న నేను మధ్యలోకి వెళ్ళడం గురించి మా ఆయన నాలుగుసార్లు పొగిడాడు. అక్క చెప్పిందట. దర్జీ భర్త ఆవిడని కొడితే రేపు పోలీసులు, వాంగ్మూలాలు, ల్యాబ్ పని ఆగిపోతుంది. అందుకని వెళ్ళాను.

సెప్టెంబర్ 20

చివరి మాత్ర ఇవాళ వేసుకుంది. నోరు తెరిచింది, నాలిక ఎత్తింది, మూసింది. బాగుందనీ అనలేదు, థాంక్స్ అనీ అనలేదు. ఏడాదిపాటు కఫం చూస్తుండాలి. తిరగబెడితే మందు తప్పు, తిరగబెట్టకపోతే ఆవిడ గొప్ప. ఎటు చూసినా నేను మెట్లెక్కాల్సిందే.

హాలు చుట్టూ గోడలు లేని పెరటి షెడ్డులోకి మారుతోంది, గాలికోసం. ఖాళీ అయ్యే గది నాకు తిరిగి ఇవ్వమని డైరెక్టర్‌కి సిఫారసు చేసిందట. నాతో ఒక్క మాట చెప్పలేదు. చెప్పి ఉంటే వద్దనేదాన్ని, అది తెలిసే చెప్పలేదు. పైగా ప్రయోగం గురించి రాసిన వ్యాసంలో నా పేరు మూడోది. వంశాలు తేల్చింది నేను, మూడోదాన్ని! రేపు దీనిమీద గట్టిగా పోట్లాడాలి.

ఆవిడంటే నాకు ఇప్పటికీ పడదు. ఎక్కడో ఒకచోట రాసిపెట్టుకోకపోతే మర్చిపోయేలా ఉన్నాను.